మొదటి మాట ఎవరిది?

పెన్‌డ్రైవ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాలర్ ఉంది. అదే పెన్‌డ్రైవ్ పక్కింటివాళ్ళ పాత లాప్‌టాప్‌లో చక్కగా బూట్ అయింది. కొత్త లాప్‌టాప్‌లో మాత్రం తెర నల్లగా ఉండిపోతుంది, లేదా పైమూల ఒక చిన్న గీత మిణుకుమంటూ ఉంటుంది, లేదా అసలు పెన్‌డ్రైవే పెట్టనట్టు తిన్నగా విండోస్ వచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఆదివారం పూట చుట్టాల దగ్గర్నుంచి ఇలాంటి ఫోన్లు మామూలే. మనం చెప్పే సలహాలు కూడా మంత్రాల్లా ఉంటాయి: సెక్యూర్ బూట్ ఆపెయ్, లెగసీ మోడ్ పెట్టి చూడు, పెన్‌డ్రైవ్‌ని రూఫస్‌తో మళ్ళీ రాయి, డిస్క్ కనబడకపోతే స్టోరేజ్ మోడ్ మార్చు. నాలుగింట్లో ఏదో ఒకటి పనిచేస్తుంది. ఏది ఎందుకు పనిచేసిందో అడిగేవాళ్ళుండరు, చెప్పేవాళ్ళకీ ఓపికుండదు.

నాకు ఆ మంత్రాల కంటే వాటి పుట్టుక మీద ఆసక్తి ఎక్కువ. స్విచ్ నొక్కిన క్షణం నుంచి తెర మీద మొదటి బొమ్మ వచ్చేదాకా గడిచే ఆ కొన్ని సెకన్లలో నలభై ఏళ్ళ ఒప్పందాలు, అలవాట్లు, భయాలు పొరలుపొరలుగా పేరుకుని ఉన్నాయి. ఇన్‌స్టాలర్ ఎలా ఆగిపోయిందో చూసి ఏ పొర దగ్గర ఆగిందో చాలాసార్లు చెప్పేయొచ్చు, దానికి సుమారుగా ఒక సంవత్సరం కూడా వేయొచ్చు. తవ్వుతూ పోతే అన్ని పొరల్లోనూ తగిలే ప్రశ్న ఒకటే: ఈ యంత్రంలో మొదటి మాట మాట్లాడే హక్కు ఎవరిది?

కరెంటు వచ్చిన మరుక్షణం ప్రాసెసర్‌కి డిస్క్ అంటే తెలియదు, ఫైల్ అంటే తెలియదు. డిస్క్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ని మెమొరీలోకి తేవాలంటే, ఆ తెచ్చే ప్రోగ్రామ్ ముందే మెమొరీలో ఉండాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు. తన బూట్ల పట్టీలు తనే పట్టుకుని తనని తాను పైకి లేపుకోవడం అనే అర్థంలో 'బూట్‌స్ట్రాప్' అన్న మాట వచ్చింది, అరిగి అరిగి 'బూట్' మిగిలింది. 1975లో ఆల్టెయిర్ 8800 కొన్నవాళ్ళు దాని ముందు పలక మీదున్న స్విచ్చుల్ని పైకీ కిందకీ వేస్తూ ఆ చిన్న ప్రోగ్రామ్‌ని ఒక్కో బైటూ చేత్తో ఎక్కించేవాళ్ళు. ఆ ఏడాదే, తామిద్దరూ రాసిన బేసిక్‌ని ఆల్టెయిర్ కంపెనీకి చూపించడానికి బిల్ గేట్స్ స్నేహితుడు పాల్ ఆలెన్ ఆల్బుకర్కీకి వెళ్తూ, దాన్ని మెమొరీలోకి తెచ్చే లోడర్ రాయనేలేదని విమానంలో గుర్తొచ్చి, దిగేలోపు రాసేశాడు. ఈ కథని గేట్స్, ఆలెన్‌ల తెలివితేటలకి ఉదాహరణగా చెప్తుంటారు. నాకు అందులో కనబడేది వేరే. అప్పట్లో మొదటి మాట పూర్తిగా యంత్రం ముందు కూర్చున్న మనిషిది. వేలితో ఏది చెప్తే అదే.

1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ వచ్చింది. స్విచ్చుల పని చిప్‌లోకి వెళ్ళిపోయింది. ఆ చిప్‌లో ఉన్నదే బయాస్. ఆ పేరు ఐబీఎంది కాదు, గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎం కోసం పెట్టుకున్నది. విచిత్రమేమిటంటే ఐబీఎం ఆ బయాస్ కోడ్ మొత్తాన్ని తన టెక్నికల్ మాన్యువల్‌లో అచ్చేసింది. చదవొచ్చు గానీ కాపీ కొట్టకూడదు, కాపీరైట్ ఉంది. కాంపాక్ వాళ్ళు దీనికొక దారి కనిపెట్టారు. ఒక బృందం ఆ కోడ్ చదివి అది ఏ పని చేస్తుందో మాత్రం రాసిపెడుతుంది, కోడ్‌ని కంటితో కూడా చూడని ఇంకో బృందం ఆ వివరాల్ని బట్టి కొత్తగా రాస్తుంది. చదివినవాడు రాయకూడదు, రాసేవాడు చదవకూడదు. 1982 చివర్లో కాంపాక్ తన పీసీని ప్రకటించింది. ఆ తర్వాత ఫీనిక్స్ కంపెనీ అలాంటి బయాస్‌నే అడిగినవాళ్ళందరికీ అమ్మడం మొదలుపెట్టింది. 1985లో సుబ్రమణియన్ శంకర్, ప్యాట్ శర్మ కలిసి అమెరికాలో పెట్టిన అమెరికన్ మెగాట్రెండ్స్ కూడా ఆ బాటలోదే. మన ఊళ్ళలో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లు ఆన్ చేయగానే నల్లటి తెర మీద చాలాసార్లు కనబడిన పేరు అది.

ఈ బయాస్‌లన్నిటి మధ్యా ఉన్న ఒప్పందం చాలా చిన్నది. డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లు చదువు. మెమొరీలో 31,744వ చోట పెట్టు. చివరి రెండు బైట్లు 55, ఏఏ అవునో కాదో చూడు. అయితే అక్కడికి దూకు. ఆ 31,744 ఎక్కడిదంటే, 32 కిలోబైట్లలోంచి ఒక కిలోబైటు తీసేస్తే వచ్చే అంకె. 32 కిలోబైట్లే గొప్ప అనుకున్న రోజుల లెక్క, 32 జీబీ మెమొరీ ఉన్న యంత్రాల్లో కూడా పాత పద్ధతిలో బూట్ చేస్తే అదే అంకె. 1983లో హార్డ్ డిస్క్‌తో పాటు డాస్ 2.0 వచ్చినప్పుడు ఆ 512లో 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకి పోయాయి. సంతకం లాంటి ఆ రెండు బైట్లు కూడా తీసేస్తే ప్రోగ్రామ్‌కి మిగిలింది 446. యూటీఎఫ్-8లో తెలుగు రాస్తే ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడుతుంది కాబట్టి, ఈ పేరాలో మొదటి నాలుగైదు వాక్యాలు రాసేసరికే ఆ చోటు అయిపోతుంది.

నల్ల తెర మీద మిణుకుమనే గీత చాలావరకు ఈ పొరది. 55, ఏఏ దొరికాయి, బయాస్ దూకింది, దూకిన చోట ఉన్న కోడ్‌కి తర్వాత ఎటు వెళ్ళాలో తెలియలేదు. మాట ఇచ్చేశారు గానీ అవతల మాట్లాడేవాళ్ళు లేరు.

ఈ ఒప్పందంలో నాకు నచ్చేదీ, భయపెట్టేదీ ఒకటే. ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని బయాస్ అడగదు. ఆ రెండు బైట్లుంటే చాలు, యంత్రం మొత్తం నీ చేతిలో. లినక్స్‌ని సామాన్య పీసీల మీద పుట్టనిచ్చిందీ ఆ ఉదాసీనతే, బూట్ వైరస్‌లని పుట్టించిందీ అదే. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' ఫ్లాపీలోని అసలు బూట్ సెక్టార్‌ని ఇంకో చోటికి జరిపి తను ఆ కుర్చీలో కూర్చునేది. లోపల వాళ్ళ పేర్లూ, చిరునామా, ఫోన్ నంబర్లూ కూడా ఉండేవి! ఆ తర్వాత వచ్చినవాళ్ళకి అంత మర్యాద లేదు. డ్రైవ్‌లో ఫ్లాపీ మర్చిపోయి పీసీ ఆన్ చేస్తే చాలు, వైరస్ హార్డ్ డిస్క్‌కి చేరేది. సెక్యూర్ బూట్‌ని తిట్టేవాళ్ళు ఈ చరిత్రని సాధారణంగా ప్రస్తావించరు.

సీడీల సంగతి క్లుప్తంగా. 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి సీడీ నుంచి బూట్ చేసే పద్ధతి ఒకటి రాశాయి. దాని పేరు ఎల్ టొరీటో. కాలిఫోర్నియాలో ఆ పేరున్న మెక్సికన్ రెస్టారెంట్లో పుట్టిన ఆలోచన కాబట్టి అలా పెట్టారని చెప్తారు. పెన్‌డ్రైవ్‌లు వచ్చాక ఈ సీడీ పద్ధతి చిక్కుల్లో పడింది, ఎందుకంటే బయాస్ దృష్టిలో పెన్‌డ్రైవ్ ఒక డిస్క్, సీడీ కాదు. హెచ్. పీటర్ ఆన్విన్ మొదలుపెట్టిన సిస్‌లినక్స్ వాళ్ళు ఒకే ఇమేజ్ సీడీగా చూస్తే సీడీలా, డిస్క్‌గా చూస్తే డిస్క్‌లా కనబడేట్టు ఒక కిటుకు తయారుచేశారు. మన లినక్స్ ఐఎస్ఓల్ని పెన్‌డ్రైవ్ మీదకి యథాతథంగా రాసినా బూట్ అవడానికి కారణం ఇదే. విండోస్ ఐఎస్ఓకి ఆ రెండో వేషం లేదు. అందుకే దాన్ని అలా పచ్చిగా రాస్తే బూట్ కాదు, రూఫస్ లాంటిది కావాల్సివస్తుంది.

ఇక్కడ మన దేశం వైపు ఒకసారి చూడాలి. 2011 దాకా ఉబుంటు సీడీల్ని ఉచితంగా పోస్టులో పంపేవాళ్ళు. 'లినక్స్ ఫర్ యూ' పత్రికతో పాటు డిస్క్ వచ్చేది. మా తరం ఇంజినీరింగ్ హాస్టళ్ళలో ఒక్క సీడీ గదిగదికీ తిరిగి గీతలు పడి అరిగిపోయేది. విండోస్ డబ్బులు కలిసొస్తాయని ఫ్రీడాస్‌తో అమ్మే లాప్‌టాప్‌లు కొనుక్కునే అలవాటు ఇక్కడ బాగానే ఉంది. అలా కొన్నవాళ్ళకి ఇన్‌స్టాలర్ బూట్ అవడం సరదా కాదు, అది అవకపోతే నలభై వేలు పెట్టి కొన్న వస్తువు పనికిరాదు. మొదటి మాట ఎవరిదన్న ప్రశ్న మనలాంటి చోట మరీ అంత తాత్వికమైనది కాదని చెప్పడానికే ఈ ముక్క.

బయాస్‌కి వయసు మీదపడిందని మొదట ఒప్పుకున్నది ఇంటెల్. 1990ల చివర్లో ఇటానియం అనే భారీ ప్రాసెసర్ కోసం కొత్తగా ఒక పద్ధతి మొదలుపెట్టారు, దానికే తర్వాత ఈఎఫ్ఐ అని పేరొచ్చింది. ఇటానియం మునిగిపోయింది, దాని కోసం కట్టిన ఈఎఫ్ఐ మాత్రం బతికి బట్టకట్టింది. 2005లో ఇంటెల్ దాన్ని పలు కంపెనీల ఉమ్మడి వేదికకి అప్పగించింది, యూఈఎఫ్ఐ అయింది. పాత పార్టిషన్ పట్టికకున్న రెండు టెరాబైట్ల హద్దు కూడా దీంతో పాటు వచ్చిన జీపీటీ పట్టికతో పోయింది.

అసలు మార్పు వేరే ఉంది. బయాస్‌కి ఫైల్ అంటే తెలియదు, సెక్టార్లే తెలుసు. యూఈఎఫ్ఐకి ఫైళ్ళు తెలుసు. పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, అందులో బూట్ అనే ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైల్ ఉందా అని వెతుకుతుంది. ఉంటే నడుపుతుంది. ఇంత ఆధునికమైన పద్ధతి ఆ ఫైల్‌ని చదవడానికి నమ్ముకున్నది మాత్రం ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌ని, అంటే 1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ ఫ్లాపీల కోసం రాసినదాని మనవడిని. దాని ఫ్యాట్32 రూపంలో ఒక ఫైల్ నాలుగు జీబీ దాటకూడదు. విండోస్ ఇన్‌స్టాలర్‌లోని ఒకే ఒక్క ఇమేజ్ ఫైల్ ఈమధ్య ఆ హద్దు దాటేసింది. ఫ్యాట్32లో ఆ ఫైల్ పట్టదు, పట్టే ఎన్‌టీఎఫ్ఎస్‌ని చాలా లాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ చదవలేదు. రూఫస్ రాసిన పీట్ బటార్డ్ దీనికి చేసిన ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది: పెన్‌డ్రైవ్ చివర్న ఒక చిన్న ఫ్యాట్ పార్టిషన్ పెట్టి, అందులో ఎన్‌టీఎఫ్ఎస్ చదవడం ఫర్మ్‌వేర్‌కి నేర్పే డ్రైవర్ ఉంచాడు. ముందు చదువు నేర్పి, తర్వాత పుస్తకం ఇవ్వడం.

ఫైల్ పేరు కూడా కొంపముంచేది. విండోస్ 7 64 బిట్ ఐఎస్ఓలో ఆ చోట ఆ పేరుతో ఫైలే లేదు, లోపలి ఇమేజ్‌లోంచి తవ్వి తీసి పెట్టుకోవాల్సివచ్చేది. 2013 ప్రాంతంలో వచ్చిన చవక టాబ్లెట్-లాప్‌టాప్‌లలో ప్రాసెసర్ 64 బిట్‌ది, ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్‌ది. అది వెతికే ఫైల్ పేరు వేరు. చాలా లినక్స్ ఐఎస్ఓల్లో అది లేక, పెన్‌డ్రైవ్ బూట్ మెనూలో కనబడేది కాదు. డెబియన్ 2015లో తన ఎనిమిదో విడుదలతో ఆ లోటు తీర్చింది. ఇక 'లెగసీ మోడ్' అంటే కొత్త ఫర్మ్‌వేర్ ముసలి బయాస్‌లా నటించడం. ఆ నటనని 2020 కల్లా మానిపిస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. ఇప్పటి లాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ మీటే లేదు. ఫోన్లో చెప్పే మంత్రాల్లో ఒకటి అలా కాలం చేసింది.

ఇంతదాకా యంత్రం అడిగింది 'ఉందా?' అని. 2011 తర్వాత 'ఎవరిది?' అని అడగడం మొదలుపెట్టింది.

ఆ ఏడాది యూఈఎఫ్ఐ 2.3.1లో సెక్యూర్ బూట్ ఇప్పటి రూపానికి వచ్చింది. ఫర్మ్‌వేర్‌లో కొన్ని డిజిటల్ తాళంచెవులుంటాయి, ఆ తాళంచెవులతో సంతకం చేసిన ప్రోగ్రామ్‌నే నడుపుతుంది. చదవడానికి సబబుగానే ఉంది, లాహోర్ ఫ్లాపీకి ఇదే సరైన జవాబు కూడా. కానీ ఏ తాళంచెవులు? విండోస్ 8 స్టిక్కర్ కావాలంటే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. కాబట్టి పీసీ చేసే ప్రతి కంపెనీ మైక్రోసాఫ్ట్ తాళంచెవులు పెట్టింది. ఇంకెవరివీ పెట్టాల్సిన అవసరం వాళ్ళకి లేదు. 2011 సెప్టెంబర్‌లో రెడ్ హ్యాట్‌లో పనిచేస్తున్న మాథ్యూ గ్యారెట్ ఈ సంగతి బయటపెట్టినప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్ లోకం ఉలిక్కిపడింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దీన్ని 'రిస్ట్రిక్టెడ్ బూట్' అంది. చివరికి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల పీసీల్లో దీన్ని ఆపే వీలు యజమానికి ఉండి తీరాలని మైక్రోసాఫ్ట్ నిబంధనలోనే రాసింది. ఆర్మ్ ప్రాసెసర్ల విండోస్ ఆర్‌టీ యంత్రాల్లో మాత్రం ఆపే వీలు ఉండకూడదని రాసింది. ఒకే పత్రంలో రెండు న్యాయాలు. విండోస్ 10 వచ్చేసరికి మొదటిది కూడా తయారీదారు ఇష్టానికి వదిలేశారు.

గ్యారెట్ తీసుకున్న దారి నాకు ఇప్పటికీ ఆసక్తిగా అనిపిస్తుంది. ఫెడోరాకి సొంత తాళంచెవి తయారుచేసి, కంపెనీల్ని బతిమాలి పెట్టించొచ్చు. కానీ అలా చేస్తే బతిమాలే బలం లేని చిన్న లినక్స్‌ల గతేమిటి? అందుకని మైక్రోసాఫ్ట్‌తోనే సంతకం చేయించుకున్నారు, 99 డాలర్లు కట్టి. సంతకం చేయించింది 'షిమ్' అనే చిన్న ప్రోగ్రామ్‌కి. షిమ్ అంటే తలుపు చట్రంలో సందు పూడ్చడానికి దూర్చే చెక్క ముక్క లాంటిది. ఫర్మ్‌వేర్ షిమ్‌ని నమ్ముతుంది, షిమ్ తనలో ఉన్న ఫెడోరా తాళంచెవిని నమ్ముతుంది, అక్కడి నుంచి గొలుసు. 2012 చివర్లో దాన్ని అందరికీ ఇచ్చేశాడు. లొంగిపోయారని తిట్టినవాళ్ళున్నారు. ఆ తిట్లలో నిజం లేకపోలేదు: మొదటి మాట మైక్రోసాఫ్ట్ సంతకంతో మొదలవుతుందన్నది అప్పటితో ఖాయమైపోయింది.

అయితే సూసే ఇంజినీర్లు షిమ్‌కి ఒక సంగతి జోడించారు. దాని పేరే యంత్ర యజమాని తాళంచెవి, పొట్టిగా మోక్. మీరు సొంతంగా ఒక తాళంచెవి చేసుకుని చేర్చమంటే, తర్వాతిసారి ఆన్ చేసినప్పుడు నీలం తెర వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ సమయంలో కీబోర్డ్ దగ్గర మనిషి ఉండాలి, దూరాన్నుంచి ఏ ప్రోగ్రామూ ఆ పని చేయలేదు. ఆల్టెయిర్ స్విచ్చుల ముందు కూర్చున్నవాడికి ఇది దూరపు చుట్టం. లినక్స్ పెట్టుకుంటూ ఈ నీలం తెర చూసి కంగారుపడి 'కంటిన్యూ' కొట్టేసి, తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచేయట్లేదని వాపోయేవాళ్ళు చాలామంది. వాళ్ళని తప్పుపట్టలేం. మొత్తం వ్యవస్థలో యజమాని అన్న మాట వినబడే ఒకే ఒక్క తెరని అంత అర్థంకాకుండా ఎవరైనా చేస్తారా?

తప్పెప్పుడూ ఒకవైపే ఉందని చెప్పడానికి మాత్రం చరిత్ర ఒప్పుకోదు. 2016లో లెనోవో యోగా 900 రకం లాప్‌టాప్‌లో లినక్స్ ఇన్‌స్టాలర్ బూట్ అయ్యేది గానీ డిస్క్ కనబడేది కాదు. మైక్రోసాఫ్ట్ కుట్ర అని గోల జరిగింది. తేలిందేమిటంటే, డిస్క్‌ని లినక్స్‌కి డ్రైవర్ లేని రెయిడ్ పద్ధతిలో బిగించేసి, మార్చుకునే మీట తీసేశారు. గోల తర్వాత కొత్త బయాస్ ఇచ్చారు. కొన్నాళ్ళకి ఇంటెల్ 11వ తరం లాప్‌టాప్‌లలో ఇలాంటి కారణంతోనే విండోస్ ఇన్‌స్టాలర్‌కే డిస్క్ కనబడకుండా పోయింది! అందుకే నాకు కుట్ర సిద్ధాంతాల కంటే నిర్లక్ష్య సిద్ధాంతం మీద గురి. 2017 డిసెంబర్‌లో ఉబుంటు 17.10 కథ ఇంకా ఘోరం. అందులోని ఒక కెర్నల్ డ్రైవర్ కొన్ని లాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ చిప్‌కి తాళం వేసేసింది. సెట్టింగులు మార్చినా నిలవవు, కొన్నిటిలో పెన్‌డ్రైవ్ నుంచి బూటే అవదు. డౌన్‌లోడ్ వెనక్కి తీసుకున్నారు. అక్కడ అపకారం చేసింది ఉచిత సాఫ్ట్‌వేరే.

షిమ్ గొలుసులో కూడా తుప్పు బయటపడింది. 2020లో గ్రబ్ బూట్ లోడర్‌లో 'బూట్‌హోల్' అనే లోపం దొరికింది. సంతకం ఉన్న పాత గ్రబ్‌లన్నిటినీ నిషేధించాలంటే, ఫర్మ్‌వేర్‌లో నిషేధ జాబితాకి ఉన్న చోటే కొద్ది. అందుకని ఒక్కో ఫైల్‌ని పేరు పెట్టి నిషేధించకుండా, ఫలానా తరం కంటే పాతవి చెల్లవు అని అంకెతో చెప్పే ఎస్‌బ్యాట్ పద్ధతి పెట్టారు. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ ఆ అంకె పెంచింది. లినక్స్ కూడా ఉన్న యంత్రాల జోలికి వెళ్ళదన్నారు, వెళ్ళింది. పొద్దున లేచి చూస్తే లినక్స్ బూట్ అవదు, పాత ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లూ బూట్ అవవు. తెర మీద ఏదో చాలా పెద్ద తేడా జరిగిపోయిందన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఒకటి కనబడి యంత్రం ఆగిపోతుంది. ఆ అంకె పెంచాల్సిన అవసరం నిజమే, లోపాలు నిజమే. కానీ నీ లాప్‌టాప్‌లో లినక్స్‌ని ఆపే నిర్ణయం విండోస్ అప్‌డేట్‌లో రావడం దగ్గర నాకు మింగుడుపడదు. అలాంటి లాప్‌టాప్ ఎదురైతే చేయాల్సింది చిన్నదే: సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్ళి, ఎస్‌బ్యాట్ విధానాన్ని తుడిచి, షిమ్‌ని అప్‌డేట్ చేసి, మళ్ళీ ఆన్ చేసుకోవడం. ఆపే మీట ఉంటేనే సుమా.

ఇప్పుడు గడువు ముంచుకొచ్చింది. 2011లో పెట్టిన ఆ మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు పదిహేనేళ్ళవి. షిమ్ మీద సంతకం చేసే సర్టిఫికెట్ గడువు 2026 జూన్. గడువు తీరినంత మాత్రాన ఇప్పటికే సంతకం ఉన్నవి ఆగిపోవు, ఫర్మ్‌వేర్‌లు మామూలుగా తేదీ పట్టించుకోవు. కొత్త ఇన్‌స్టాలర్ల మీద మాత్రం 2023 నాటి కొత్త సర్టిఫికెట్‌తో సంతకం ఉంటుంది. ఆ కొత్తది పాత లాప్‌టాప్‌కి చేరాలంటే మామూలుగా విండోస్ అప్‌డేట్ ద్వారానో, తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ద్వారానో రావాలి. విండోస్ తీసేసి లినక్స్ మీద బతుకుతున్న పదేళ్ళ లాప్‌టాప్‌కి మొదటి దారి లేదు. దాని తయారీదారు ఆ మోడల్‌ని ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు కాబట్టి రెండోదాని మీదా ఆశ తక్కువ. ఇక కొత్త లాప్‌టాప్‌లలో కొన్ని 2022 నుంచి విండోస్ కానివాటి సంతకాలు చెల్లకుండానే వస్తున్నాయి. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో సెక్యూరిటీ పేజీలో, సెక్యూర్ బూట్ కింద, 'థర్డ్ పార్టీ' అని మొదలయ్యే ఒక వరుస ఉంటుంది. లాప్‌టాప్ కొనేముందు షాపులోనే డెమో ముక్క మీద ఎఫ్2 నొక్కి ఆ వరుస ఉందో లేదో చూడండి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.